తిరగనంటే తిరగను

ఆస్ట్రేలియాలో వస్తువు చవక, మనిషి ప్రియం. మన దగ్గర ఈ లెక్క తిరగబడి ఉంటుంది. తెనాలిలో వాషింగ్ మెషీన్ మొరాయిస్తే మెకానిక్‌కి ఫోన్ కొడతారు. ఆయన "దార్లోనే ఉన్నానండీ" అని మూడోనాడు వస్తాడు. వచ్చి మెషీన్ నెత్తిన ఒక్క చరుపు చరుస్తాడు, చెవి ఆనించి వింటాడు, మూత విప్పుతాడు, టీ తాగుతాడు, మూడొందలు జేబులో వేసుకుని పోతాడు. అది ఇంకో ఏడాది తిరుగుతుంది. కాన్‌బెర్రాకి ఉత్తరపు కొసన ఉన్న మా గంగాలిన్‌లో అలా కాదు. మెకానిక్ చెప్పిన రోజున, చెప్పిన గంటకి, బూట్లకి తొడుగులు వేసుకుని మరీ వస్తాడు. కాకపోతే గుమ్మంలో కాలు పెట్టినందుకే నూట ఏభై డాలర్ల దాకా అవుతుంది. మెషీన్ని ముట్టుకుంటే వేరే, పార్టు వేస్తే అది వేరే. "దీనికి నూకలు చెల్లాయి, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి వెళ్ళిపోయినా సరే, ఆ నూట ఏభై నూట ఏభయ్యే. చావు కబురు చెప్పినవాడికి సంభావన ఇచ్చి పంపే ఆచారం నేనిక్కడే చూశాను.

అలాగని ఆయన్ని అనడానికీ లేదు. 2025 జులైలోనే ఈ దేశంలో కనీస వేతనం గంటకి 24.95 డాలర్లకి చేరింది. వ్యానూ, పనిముట్లూ, లైసెన్సూ, బీమా అన్నీ మోసుకు తిరిగే మనిషి ఉత్తినే ఎందుకొస్తాడు? అటు చూస్తే ఏడు కిలోల కొత్త మెషీన్ తగ్గింపు ధరలో ఐదారు వందలకి దొరికేస్తుంది. ఇంకో రెండొందలు పడేస్తే కొత్తదే వచ్చేటప్పుడు పాతదాన్ని బాగు చేయించేవాడు ఎవడూ ఉండడు, ఒక్క మనం తప్ప. మనకి పారేయడానికి మనసొప్పదు, మెకానిక్‌ని పిలవడానికి చెయ్యి రాదు. అందుకే గంగాలిన్‌లో ఏ తెలుగింట్లో మెషీన్ ఆగినా, ఆ రాత్రికి ఆ ఇంట్లో ఒక మెకానిక్ పుడతాడు. మా ఇంట్లో పుట్టినవాణ్ణి నేను.

అర్హత లేకపోలేదు. నాది బీటెక్ మెకానికల్. మా కాలేజీ వర్క్‌షాపులో ఇనప ముక్క ఇచ్చి, ఆకురాయితో రుద్ది చదరం చెయ్యమనేవారు. పై బ్యాచి వాళ్ళు చదరం చేసి వదిలిపెట్టిన ముక్కని మేము ఇంకొంచెం రుద్ది అప్పజెప్పేవాళ్ళం. వాళ్ళకంటే ముందు ఎవరు రుద్దారో ఆ ఇనుముకే తెలియాలి. ఫైనలియర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చి, ముక్కలు రుద్దినవాళ్ళనీ రుద్దనివాళ్ళనీ కలిపి ఒకే బస్సులో ఎక్కించుకుపోయింది. అప్పట్నుంచీ స్క్రూడ్రైవరు పట్టే అగత్యం రాలేదు. ఇప్పుడు ఒక ప్రభుత్వ శాఖకి ఎక్సెల్ పట్టికలు నింపిపెడుతుంటాను. ఇంట్లో మాత్రం "మీ నాన్న మెకానికల్ ఇంజినీరు" అన్న మాట పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది, ముఖ్యంగా సీసా మూత రానప్పుడు.

మెషీన్ కూడా మాతో పుట్టింది కాదు. గంగాలిన్ తెలుగువాళ్ళలో సామాను ఇల్లిల్లూ తిరుగుతుంటుంది. ఒక కుటుంబానికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వస్తే వాళ్ళ సోఫా ఫ్రాంక్లిన్‌కీ, డైనింగ్ టేబులు హారిసన్‌కీ, మిగిలిపోయిన కందిపప్పు అమరూకీ పోతాయి. మాకు వాషింగ్ మెషీన్ వాటా వచ్చింది. ముందు తలుపున్న ఫ్రంట్‌లోడ్ రకం, ఎనిమిది కిలోలది. "బంగారం లాంటి మెషీన్ అన్నయ్యగారూ, వదలాలంటే ప్రాణం ఒప్పట్లేదు" అంది ఆ ఇల్లాలు. ఆ మాటలో ఎంత నిజముందో తర్వాత తేలింది.

అది ఆగింది నడి జులైలో. ఇది చెప్పుకోవాల్సిన సంగతి. తెనాలిలో మే నెలలో స్పిన్ పనిచెయ్యకపోయినా ఎవరికీ తెలియదు. డాబా మీద ఆరేసి కిందికి దిగేలోపు చొక్కా అప్పడమైపోతుంది. గంగాలిన్ జులైలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగులాడుతుంటుంది. పిండని జీన్సు బయట ఆరేస్తే పొద్దుటికి దాన్ని తీగ మీంచి తీసి గోడకి చేరేసి నిలబెట్టుకోవచ్చు. ఆస్ట్రేలియా పెరళ్ళకి పేరు తెచ్చిన గొడుగులాంటి ఆ తిరుగుడు దండెం, 1945లో అడిలైడ్‌లో లాన్స్ హిల్ మొదలెట్టిన హిల్స్ హాయిస్టు, మా కొత్త ఇళ్ళ పెరళ్ళలో పట్టదు. గోడకి మడత తీగలే గతి. ఆ తీగల మీద తెల్ల కాకటూలు వాలి క్లిప్పుల్ని ఒక్కొక్కటే పీకి కింద పడేస్తాయి. తినవు, ఎత్తుకుపోవు. పీకడమే వాటి పని.

అంచేత ఇక్కడ ఉతుకు కన్నా స్పిన్ ముఖ్యం. నిమిషానికి 1200 చుట్లు తిరిగే డ్రమ్ములో, పావు మీటరు వ్యాసార్ధం దగ్గర, బట్ట మీద పడే బలం దాని బరువుకి సుమారు 400 రెట్లు. ఇక్కడి పన్నెండు పలకల యాభై సెంట్ల బిళ్ళ 15.55 గ్రాములుంటుంది. ప్యాంటు జేబులో మరిచిపోతే స్పిన్‌లో అది ఆరు కిలోల గుండై డ్రమ్ముని లోపల్నుంచి అదుముతుంది. ఈ లెక్క కాలేజీలో మార్కుల కోసం చేశాను. ఇన్నాళ్ళకి తడి బనీను చేత్తో పట్టుకుని మళ్ళీ చేశాను.

ఆ సాయంత్రం లోపల పిల్లల స్కూలు యూనిఫారాలూ, నా ఆఫీసు చొక్కాలూ, విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరున్న అత్తయ్యగారి మంగళగిరి చీరా ఉన్నాయి. సబ్బు నీళ్ళు అద్దానికి సగం దాకా నిలబడ్డాయి. మోటారు జుయ్యిమంటోంది, డ్రమ్ము కదలడం లేదు. కాసేపు చూసి మెషీన్ తనే విసుగెత్తి, ఒక అక్షరమూ రెండంకెలూ చూపించి, మూడుసార్లు కుయ్యిమని ఊరుకుంది. తలుపు తాళం పడే ఉంది.

"దిష్టి బాబూ" అన్నారు అత్తయ్యగారు. "మొన్న భోజనానికొచ్చినావిడ లాండ్రీ గదిలోకి తొంగిచూసి, ఎంత పెద్ద మెషీనో అంది. అప్పుడే అనుకున్నా."

మా ఆవిడ ఆ మాటకి నవ్వలేదు. అలాగని కొట్టిపారెయ్యనూ లేదు. నా వైపు చూసి, "మెకానికల్ కదా" అంది.

వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. గంగాలిన్ తెలుగు గ్రూపులో సగానికి సగం సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాబట్టి మొదటి పది సమాధానాలూ ఒకే వైద్యం: ఆపి, ప్లగ్గు పీకి, పది నిమిషాలాగి మళ్ళీ పెట్టు. ఒకాయన మదర్‌బోర్డు పోయిందన్నాడు. ఆయనకి కారు స్టార్టవకపోయినా మదర్‌బోర్డే. ఇంకొకాయన దగ్గర కొత్తవి అమ్మకానికున్నాయిట. మరొకాయనకి చట్టాలంటే ప్రీతి. ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా 2011 జనవరి 1న అమల్లోకొచ్చిందనీ, దాని ప్రకారం దుకాణంలో కొన్న వస్తువు వారంటీ ముగిసినా న్యాయమైన కాలం దాకా మన్నాల్సిందేననీ, 2021లో ప్రొడక్టివిటీ కమిషన్ మరమ్మతు హక్కు మీద పెద్ద నివేదికే ఇచ్చిందనీ, ఫ్రాన్సులో అదే ఏడాది ఇలాంటి ఫ్రంట్‌లోడ్ మెషీన్ల మీద ఎంత తేలిగ్గా బాగుచెయ్యొచ్చో పదికి మార్కులేసి అంటించడం మొదలెట్టారనీ రాశాడు. చివర్న, ఎక్కడ కొన్నావని అడిగాడు. చెప్పాను. ఇళ్ళమ్మట కొన్న సెకండ్‌హ్యాండ్ సామానుకి అమ్మినవాళ్ళ మీద ఈ హామీలేవీ చెల్లవని అంతే ఓపిగ్గా ఇంకో పేరా రాశాడు.

ఈ గోలలో ఒక్కడు పనికొచ్చే మాట చెప్పాడు. పక్క వీధిలో ఉండే వరంగల్ తమ్ముడు. "అన్నా, ముందుగాల నీళ్ళు తియ్యి. నీళ్ళుంటే అది తలుపు తియ్యది, స్పిన్ చెయ్యది. కింద కుడిదిక్కు చిన్న తలుపుంటది సూడు."

ఉంది. ఇన్నేళ్ళుగా అదొక అలంకారమనుకున్నాం. నీళ్ళు తోడే ప్రోగ్రాము పెడితే పంపు మూలిగింది గానీ చుక్క కదల్లేదు. ప్లగ్గు పీకేసి ఆ చిన్న తలుపు తెరిస్తే లోపల గుండ్రటి మరమూత, పక్కన చిటికెనవేలంత గొట్టం, దానికో బిరడా. గొట్టం బిరడా తీస్తే నీళ్ళు వస్తాయి, బాగానే ఉంది. కానీ ఆ గొట్టం నేలకి రెండంగుళాల ఎత్తున ఉంటుంది. దాని కింద బకెట్టు పట్టదు, గిన్నె పట్టదు, మగ్గు పడుకోబెట్టినా పట్టదు. తయారుచేసినాయన ఇంట్లో ఏ పాత్ర ఉంటుందని ఊహించాడో తెలియదు. వంటింట్లో వెతగ్గా వెతగ్గా ఆ కొలతకి సరిపోయింది ఒక్కటే దొరికింది: గృహప్రవేశానికి తెనాలి నుంచి మోసుకొచ్చిన ఇత్తడి తాంబాళం. పసుపూ కుంకుమా పెట్టిన తాంబాళంలో మురికి నీళ్ళా అని అత్తయ్యగారు ఒక్క క్షణం తటపటాయించారు. లోపలున్నది తన మంగళగిరి చీర అని గుర్తొచ్చి ఆవిడే తెచ్చి ఇచ్చారు.

తాంబాళం నిండటం, బిరడా పెట్టడం, సింకులో పారబొయ్యడం, మళ్ళీ బిరడా తియ్యడం. పిల్లలు లెక్క పెట్టడం మొదలెట్టి మధ్యలో నిద్రపోయారు. నీళ్ళు అయిపోయాక మరమూత తిప్పాను. మెత్తగా, నల్లగా, దారాలూ జుట్టూ కలిసి ముద్దకట్టిన పదార్థం ఒకటి వచ్చింది. దాన్ని విడదీస్తే రెండు తలపిన్నులు, ఐదు సెంట్ల బిళ్ళ, అత్తయ్యగారి కొంగుముడిలోంచి ఖండాలు దాటొచ్చిన రూపాయి బిళ్ళ, పిల్లల బొమ్మకి ఊడిన చక్రం, ఒక లవంగం. అన్నిటికంటే అడుగున, కడిగాక మెరిసింది, ఒక బంగారు దిద్దు.

మా ఆవిడ చెవులు తడుముకుంది. ఆవిడది కాదు. అత్తయ్యగారిదీ కాదు. ఫోటో తీసి మెల్‌బోర్న్ పంపిస్తే నిమిషంలో ఫోను మోగింది. అది వాళ్ళ పాప బారసాలకి మేనత్త పెట్టినదట. మూడేళ్ళుగా దానికోసం ఇంట్లో మాటలు లేవట, ముఖ్యంగా మేనత్తతో. మేము మెషీన్‌కి ఇచ్చిన డబ్బు కంటే ఇవాళ్టి ధరలో ఆ దిద్దు ఖరీదే ఎక్కువ. బంగారం లాంటి మెషీన్ అని ఆవిడ ఊరికే అనలేదు. పోస్టులో పంపాం. బీమా చేయించి మరీ.

తలుపు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని దగ్గరే చాలామంది బలప్రయోగానికి దిగుతారు. తాళంలో కరెంటుకి వేడెక్కే చిన్న లోహపు పలక ఉంటుంది. కరెంటు తీశాక అది చల్లబడి వెనక్కి వంగితేగానీ గడియ వదలదు. ఒకట్రెండు నిమిషాలు ఓపిక పడితే టక్కుమని చప్పుడొస్తుంది. ఈలోపు లాగితే పిడి చేతికొస్తుంది. బట్టలు బయటపడ్డాయి. అందరం సంబరపడ్డాం. నీళ్ళు పోకపోవడమే రోగమైతే రోగం కుదిరినట్టే. ఉత్తి డ్రమ్ముతో స్పిన్ పెట్టాను. పంపు హాయిగా పాడింది, మోటారు జుయ్యిమంది. డ్రమ్ము మాత్రం కదలనే లేదు.

అప్పుడు ప్లగ్గు మళ్ళీ పీకి, చెయ్యి లోపల పెట్టి డ్రమ్ముని తిప్పి చూశాను. ఇది డబ్బు ఖర్చులేని పరీక్ష. అసలు తిరగకపోతే లోపల ఏదో అడ్డం పడిందనో, బేరింగు పట్టేసిందనో అర్థం. గరగరమంటూ తిరిగితే బేరింగు అరిగింది, ఇక కొత్త మెషీన్ల ప్రకటనలు చూసుకోవచ్చు. మోటారు బరువు కాస్త చేతికి తగులుతూ తిరిగితే రోగం కరెంటు వైపుంది. మాది ఒక్క వేలితో తోస్తే గిర్రున తిరిగి, ఆగమన్నా ఆగలేదు. అటు మోటారుకి డ్రమ్ము పట్టలేదు, ఇటు డ్రమ్ముకి మోటారు పట్టలేదు. నడుమ సంబంధం తెగింది. అంటే బెల్టు.

బెల్టు వెనకుంటుంది. మెషీన్ గోడకి ఆనుకుని ఉంటుంది. లాండ్రీ గది మెషీన్‌కంటే నాలుగు వేళ్ళు వెడల్పు. వరంగల్ తమ్ముడు వచ్చి చెరో పక్కా పట్టాడు, కొంచెం లేపాడు, దించేశాడు.

"అన్నా, గిదేందే ఇంత బరువున్నది? లోపల బండ గిట్ల పెట్టిండ్రా?"

"బండే తమ్ముడూ."

నవ్వులాట కాదు, నిజంగానే బండ. ఫ్రంట్‌లోడ్ మెషీన్లలో చాలావాటికి టబ్బు చుట్టూ కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు, స్పిన్‌లో గదంతా నడిచిపోకుండా. మొత్తం బరువులో మూడో వంతు దాకా అదే ఉంటుంది. 1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ మొదటి ఆటోమేటిక్ మెషీన్ తెచ్చినప్పుడు దాన్ని ఏకంగా నేలకి బోల్టులేసి బిగించాల్సొచ్చేది. మన చాకిరేవులో బండ బయటుండేది, బట్ట దాని మీద పడేది. వీళ్ళు బండని తీసుకెళ్ళి పెట్టెలో దాచి, దానికి వారంటీ కార్డు ఇచ్చారు. 2017లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్ళు కాంక్రీటు బదులు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా పెట్టి, ఇంటికొచ్చాక అందులో నీళ్ళు నింపుకుంటే సరిపోతుందని తేల్చారు. లారీలకి ఆ మేరకు బరువు తగ్గి డీజిల్ కలిసొస్తుందని వాళ్ళ ఆలోచన. ఇదంతా తమ్ముడికి చెప్పాను.

"మంచిగున్నది గని, మనది బండ మాడలే గదన్నా" అని మళ్ళీ పట్టాడు.

వెనక రేకు విప్పడానికి మా ఇంట్లో ఉన్న ఏకైక స్క్రూడ్రైవరు పనికిరాలేదు. అది ప్లస్సు, ఆ స్క్రూలు ఆరు పలకలవి. పక్కింటి ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆస్ట్రేలియన్. రిటైరై గరాజులోనే కాపురం ఉంటాడు. ఆ గరాజు గోడని ఒకసారి చూసి తీరాలి. సుత్తి తగిలించేచోట సుత్తి ఆకారం పెయింటుతో గీసి ఉంటుంది, రెంచి చోట రెంచి ఆకారం, రంపం చోట రంపం. మనం ఏదైనా పట్టుకెళ్తే ఆ ఖాళీ బొమ్మ అక్కడ నిలబడి, తిరిగిచ్చేదాకా వచ్చేపోయేవాళ్ళందరికీ మన సంగతి చెబుతూనే ఉంటుంది. అప్పు పత్రం రాయించుకోవడం ఇంతకంటే మర్యాద. సాకెట్ సెట్టు ఇస్తూ ఆయన ఒక్కటే అడిగాడు, ప్లగ్గు పీకావా అని. ఇక్కడ ఇంటి వైరింగు ముట్టుకోవాలంటే లైసెన్సుండాలి. మనింట్లో మన స్విచ్చి మార్చుకోవడం కూడా నేరమే. బెల్టుకి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదట. వస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. చూసేవాళ్ళు అప్పటికే ఎక్కువమంది ఉన్నారు.

రేకు విప్పితే బెల్టు అడుగున పడి ఉంది. గాడులు పగిలి, అంచున దారాలు లేచి, ఓ పక్క నునుపెక్కిపోయి ఉంది. వారం ముందు నింపిన రెండు రజాయిలే దాని కొంప ముంచాయని మా ఆవిడ అభిప్రాయం. రజాయిలు ఎవరు నింపారన్న చర్చ ఈ వ్యాసంలో అనవసరం. బెల్టు వీపు మీద వెలిసిపోయిన అచ్చు: 1270 జె 5. ఫోను టార్చి పెట్టి తమ్ముడూ నేనూ శాసనం చదివినట్టు చదివాం. 1270 అంటే మిల్లీమీటర్లలో పొడవు. జె అంటే గాడుల రకం, గాడికీ గాడికీ మధ్య 2.34 మిల్లీమీటర్లు. 5 అంటే అయిదు గాడులు. ఒక్క ముక్కలో మొత్తం జాతకం.

"రాణిగంజ్‌ల అయితే" అన్నాడు తమ్ముడు, "నంబరు గూడ అడగరన్నా. చేతుల వట్టి ఇట్ల సాగదీసి, లోపలికి వొయ్యి తెస్తడు."

కాన్‌బెర్రాకి రాణిగంజ్ ఫిష్‌విక్. కార్ల గరాజులు, రేకు షెడ్లు, పాత ఫర్నిచరు, విడి భాగాలు అన్నీ అక్కడే. గంగాలిన్ నుంచి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి పోవాలి. 2019 ఏప్రిల్‌లో మొదలైన మా ఎర్ర లైట్ రైలు 12 కిలోమీటర్లు పోయి సిటీ నడిబొడ్డున దింపుతుంది గానీ ఫిష్‌విక్ దరిదాపులకి పోదు. ఒక ఇబ్బంది ఉంది. కాన్‌బెర్రా పాతకాపుల దగ్గర "ఫిష్‌విక్ వెళ్ళొస్తా" అంటే ఓరగా చూసి నవ్వుతారు. పెద్దలకు మాత్రమే అని బోర్డులుండే దుకాణాలకి ఆ పేట ఎప్పట్నుంచో ప్రసిద్ధి. 2009లో ప్రభుత్వం నిషేధించేదాకా బాణసంచాకీ అదే ఊరు. ఇప్పుడు దీపావళికి మతాబులు దొరకవు. మొదటి రకం సరుకుకి మాత్రం లోటు లేదని విన్నాను. శనివారం పొద్దున్నే బయల్దేరుతూ ఆఫీసు మిత్రుడు ఫోన్ చేస్తే, బెల్టు కోసం ఫిష్‌విక్ వెళ్తున్నానని చెప్పాను. అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

ఈలోగా ఇంట్లో బట్టలాగవు కదా. ఒకసారి నాణేలేసి ఉతుక్కునే లాండ్రీకి వెళ్ళాం. అక్కడ ఆరబెట్టే మెషీన్‌లో డాలర్ల మీద డాలర్లు పడుతుంటే అత్తయ్యగారు రూపాయల్లోకి మార్చుకుంటూ లెక్క పెట్టి, ఈ డబ్బుతో కొత్త బట్టలే వస్తాయని తేల్చారు. మర్నాటి నుంచి బాత్‌టబ్బే చాకిరేవు. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, వేడినీళ్ళలో దుప్పట్లు కాళ్ళతో తొక్కడం మొదలెట్టారు. పిల్లలు తామూ దిగుతామన్నారు. వచ్చిన చిక్కల్లా పిండటం దగ్గర. పెద్ద దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. మా ఆవిడ ఆఫీసులో ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తయ్యగారు నా ఎదుట కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోలేదు. అలాంటిది చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డాం. ఆవిడ ఎటు తిప్పితే మర్యాదకి నేనూ అటే తిప్పాను. మా మధ్య దుప్పటి గుండ్రంగా తిరుగుతోంది, నీళ్ళు మాత్రం రావడం లేదు. ఆ వారం మా ఇంట్లో తిరిగింది అదొక్కటే. ఆవిడ చాలాసేపు మొహమాటపడి, పైకప్పు వైపు చూస్తూ, "అల్లుడుగారూ, మీరు అటు తిప్పాలండీ" అన్నారు.

ఫిష్‌విక్ దుకాణంలో బల్ల వెనకాయన బెల్టు చూడనేలేదు. మోడల్ నంబరు అడిగాడు. బెల్టు మీద నంబరుందన్నాను. అది కాదు, మెషీన్ నంబరన్నాడు. తలుపు లోపలి అంచున అంటించిన స్టిక్కరు ఫోటో చూపిస్తే కంప్యూటర్లో కొట్టి, కళ్ళజోడు పైకి నెట్టి, "1270 జె 5" అన్నాడు. అదే కదా నేను చెప్పింది అనబోయి మింగేశాను. ముప్ఫై డాలర్లు కూడా కాలేదు. ఫిష్‌విక్ వెళ్ళి సాసేజి తినకుండా రాకూడదని ముసలాయన పంపించాడు గనక పక్కనున్న హార్డ్‌వేర్ దుకాణం ముందు ఆగాను. ఇలాంటి దుకాణాల ముందు వారాంతాల్లో సేవా సంస్థలవాళ్ళు సాసేజిలు కాల్చి రొట్టెలో పెట్టి అమ్ముతారు. 2018లో బన్నింగ్స్ అనే హార్డ్‌వేర్ దుకాణాల వాళ్ళు, ఉల్లిపాయ ముక్కలు కిందపడి జనం జారకుండా సాసేజి పైన కాదు అడుగున వెయ్యాలని సలహా ఇస్తే దేశమంతా అట్టుడికింది, ప్రధానమంత్రి దాకా వెళ్ళింది. నేను శాకాహారిని. రొట్టెలో ఉత్త ఉల్లిపాయలు పెట్టించుకున్నాను. పైనా కిందా గొడవ లేదు.

బెల్టెక్కించడం మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. సైకిల్ చైను ఎక్కించడమే. ముందు మోటారు చిన్న చక్రం గాడుల్లో కూర్చోబెట్టి, తర్వాత డ్రమ్ము పెద్ద చక్రం అంచున కొంచెం పట్టించి, ఒక చేత్తో అదిమిపట్టి రెండో చేత్తో చక్రాన్ని తిప్పుకుంటూ పోతే అదే సాగి ఎక్కుతుంది. వేలు మధ్యలో పెట్టకూడదు, అంతే. తమ్ముడు టార్చి పట్టాడు. గాడుల నడిమధ్యన కూర్చుందో లేదో రెండు చుట్లు తిప్పి చూసుకున్నాం. వేళ్ళకి మోటారు బరువు తగిలింది. ఆకురాయి పట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా నా బీటెక్ నా చేతికి తగిలింది అప్పుడే.

రేకు బిగించి, బండని గోడకి చేర్చి, మట్టం సరిచూసి కాళ్ళు సర్దాం. ఇవి సమంగా లేకపోయినా స్పిన్ దగ్గర మొండికేస్తుంది. దుప్పటి ఒక్కటే వేసినా మొండికేస్తుంది. తడి బరువంతా ఒక పక్కకి చేరిందని గ్రహించి, తిప్పబోయి మానేస్తుంది. అందుకే నాలుగు తువ్వాళ్ళు కలిపి వేశాం. స్పిన్ పెట్టాం. మొదట బద్ధకంగా ఇటోసారి అటోసారి దొర్లింది, ఆగింది, ఆలోచించింది. తర్వాత అందుకుంది. 400, 800, 1200. అత్తయ్యగారు హారతి పళ్ళెం పట్టుకొచ్చారు. అదే తాంబాళం, శుభ్రంగా తోమింది. మెషీన్‌కి కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ తలుపు దగ్గర పెట్టబోతే, లోపలికి జారితే మళ్ళీ ఫిల్టరు విప్పాలని మా ఆవిడ ఆపింది. తమ్ముడికి పెసరట్లు వేసింది. సాకెట్ సెట్టు గోడ మీద తన బొమ్మలోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అత్తయ్యగారు తెనాలికి వీడియో కాల్ చేశారు. నేను పక్క గదిలో ఉన్నాను. గొంతులో గర్వం వినిపిస్తూనే ఉంది.

"మా అల్లుడుగారే బాగుచేశారు వదినా. కింద కూర్చుని, రేకులన్నీ విప్పి, చేతులంతా నల్లగా చేసుకుని. ఎంత బాగా చేస్తారనుకున్నావ్, పక్కింటివాళ్ళు కూడా పిలుస్తున్నారు."

అవతల కాసేపు మాటల్లేవు. తర్వాత గొంతు తగ్గించి ఆవిడ అడిగింది, "అల్లుడికి ఉద్యోగం... బాగానే ఉందా వదినా?"

ఆ కబురు తెనాలి నుంచి గుడివాడకి ఏ దారిన పోయిందో తెలియదు గానీ, తెల్లారకముందే మా అమ్మ ఫోన్ చేసింది. పలకరింపులు లేవు, ఎలా ఉన్నారని లేదు.

"ఏరా, డబ్బేమైనా పంపమంటావా?"